దారం కట్టిన పగ్గం

గుర్రపుస్వారీ నేర్పే మాస్టారు జేబులోంచి కుట్టుదారం ఉండ తీసేసరికి ఆమె గుండెలో రాయి పడింది.

కళ్ళేనికి రెండు వైపులా ఉన్న ఇనుప రింగుల నుంచి పగ్గాలు విప్పి, వాటిని తెల్లదారంతో మళ్ళీ ముడివేశాడాయన. పగ్గం గట్టిగా లాగితే దారం తెగుతుంది. దారం తెగితే గయ్యాళి ఇక ఆమెది కాదు. షరతు పెట్టింది మాస్టారు. లాయం ఆయనది, గుర్రమూ ఆయనదే, కాదనేవాళ్ళెవరు?

గయ్యాళి అంటే అత్తగారు కాదు, గుర్రమే. ముక్కు మీద కోపం ఉన్న గోధుమరంగు ఆడగుర్రం. అది లాయానికి వచ్చినప్పటి నుంచి దాని వీపు మీద నిలిచింది ఈమె ఒక్కతే. బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి ఎక్కితే కథ అడ్డం తిరిగింది. కడుపులోనూ నడుములోనూ సత్తువ లేదు. ఒంట్లో పట్టు లేని మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా, ఆమె పగ్గాలు పట్టుకుని వేలాడింది. ఒకరోజు కళ్ళెం తీస్తూ చూస్తే గుర్రం నోటి మూల చిట్లి నెత్తురు కారుతోంది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. మాస్టారు ఓదార్చలేదు.

"ముందు నేల మీద నడుముకి సత్తువ తెచ్చుకో, తర్వాతే గుర్రం" అన్నాడు. "నీ వల్ల కాకపోతే దీన్ని పొడుగాయనకి ఇచ్చేస్తా."

పొడుగాయన గుర్రపు పోటీలకి తిరిగే మనిషి. మంచివాడే గానీ చేతులు మరీ మోటు. ఆయన ఎక్కిన గుర్రాల నోళ్ళు ఎలా ఉంటాయో లాయంలో అందరికీ తెలుసు.

ఇక ఇంట్లో వరండాయే ఆమెకి మైదానమైంది. మోచేతులు నేలకి ఆనించి, కాలివేళ్ళ మీద లేచి, ఒళ్ళంతా పలకలా నిలపడం. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని పాదాలు గాల్లోకి ఎత్తడం. మాస్టారు ఎప్పుడూ అరిచే మాటే తనకి తాను చెప్పుకునేది: నడుం బిగించు. చెప్పుకోగానే పళ్ళు బిగిసేవి, పిడికిళ్ళు బిగిసేవి, మోకాళ్ళు బిగిసేవి, ఊపిరి కూడా బిగిసేది. కాసేపటికే చేతులెత్తేసి దబ్బున పడేది.

బిడ్డని భుజాన వేసుకుని ఇదంతా చూస్తున్న అత్తగారు ఒకరోజు ఉండబట్టలేకపోయింది.

"ఏమే, మొహం కందగడ్డలా అవుతోంది. ఊపిరి తీసుకోకూడదని రూలేమన్నా ఉందా?"

"నడుం బిగించాలి అత్తయ్యా."

"నడుం బిగించమంటే నడుమే బిగించు. దవడలేం పాపం చేశాయి? నాతో మాట్లాడుతూ చెయ్యి. మాట ఆగిందంటే ఊపిరి ఆగినట్టే."

వాళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి పోట్లాట తప్ప ఏముంది? ఇంత ఎండలో బిడ్డకి స్వెట్టరెందుకని కోడలు, నీ మొగుణ్ణి నేనిలాగే పెంచానని అత్తగారు. మొదట్లో నేల మీద ఉన్న మనిషికి మాటకి మాట అందేది కాదు. పోనుపోను అందింది. చివరికి ఒకనాడు కడుపు నేలకి తాకకుండానే అత్తగారి నోరు మూయించింది. ఆ పెద్దావిడకి కోపం ఎంత వచ్చిందో సంతోషమూ అంతే కలిగింది, పైకి మాత్రం కోపమే చూపించింది.

ఇప్పుడు అత్తగారు బిడ్డతో కంచె బయట నిలబడి ఉంది. ఆవిడ పక్కనే పొడుగాయన, ఏకంగా తన జీను చంకన పెట్టుకుని వచ్చాడు. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది. భయమూ వేసింది.

ఆమె గయ్యాళి మీదికెక్కి కదిలించింది. నడక సాఫీగా సాగింది. పరుగూ అంతే. పగ్గాలు వదులుగా ఊగుతున్నాయి. దూరపు మలుపు దగ్గర గడ్డిమోపుల మీద కప్పిన టార్పాలిన్ గాలికి ఫట్‌మని లేచింది. గయ్యాళి బెదిరి పక్కకి దూకింది.

"నడుం బిగించు" అని మాస్టారు గట్టిగా అరిచాడు.

ఆ మాట చెవిన పడగానే పాత రోగం తిరగబెట్టింది. పళ్ళూ పిడికిళ్ళూ మోకాళ్ళూ ఊపిరీ అన్నీ ఒక్కసారే బిగిశాయి. టప్‌మని ఎడమ దారం తెగి పగ్గం చేతిలోకి వచ్చేసింది. మోకాళ్ళు నొక్కేసరికి గుర్రం దౌడు అందుకుంది. కంచె కర్రలు మీదికి వస్తున్నాయి. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కుడి పగ్గం లాగితే అదీ తెగుతుంది, లాగకపోతే దీన్ని ఆపేదెలా?

"నోరు పడిపోయిందా? మాట్లాడవే" అని కంచె అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"మాట్లాడుతున్నా" అంది ఆమె. మాటతో పాటు ఊపిరి బయటికి వచ్చింది. "మాట్లాడుతున్నా అత్తయ్యా, మళ్ళీ ఆ స్వెట్టర్ ఎందుకు తొడిగారు? పైన టోపీ కూడానా? ఏమే గయ్యాళీ, నీక్కూడా చెప్తున్నా, నా మీద అలిగి ఎక్కడికి పోతావ్? నీ మూతి పగిలింది నా వల్లే, ఒప్పుకున్నా కదా."

మాట సాగేకొద్దీ దవడ వదులైంది, భుజాలు దిగాయి, మోకాళ్ళు సడలాయి. నడుం ఒక్కటే వరండాలో నిలిచినట్టు నిలిచింది. ఆమె జీనులో బరువుగా కుదురుకుంది. కింద గుర్రం వీపు మెత్తబడింది. దౌడు పరుగైంది, పరుగు నడకైంది. కంచె చేతికి అందేంత దగ్గరలో గయ్యాళి ఆగిపోయి బుస్సుమని ఊపిరి వదిలింది.

మాస్టారు దగ్గరికి వచ్చాడు. ఆమె ఎడమ పగ్గం దాచలేదు.

"తెగింది మాస్టారూ."

పొడుగాయన జీనుని రెండో చంకలోకి మార్చుకున్నాడు. ఆమె చెమటతో తడిసిన గుర్రం మెడ మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచేసింది. ఆ చెయ్యి తియ్యడం తన వల్ల కాదనిపించింది.

మాస్టారు గుర్రం నోటి మూల వేలితో తడిమి చూశాడు. పాత గాటు మానింది, కొత్తది లేదు.

"ఎక్కడ తెగింది?"

"మీరు నడుం బిగించమని అరిచినప్పుడు."

ఆయన తెగిన దారం ముక్కని రింగులోంచి లాగేశాడు. ఆ మాట ఎన్నేళ్ళుగా ఎంతమంది మీద అరిచాడో గుర్తు చేసుకుంటున్నట్టుంది. తర్వాత జేబులోంచి మళ్ళీ దారం ఉండ తీశాడు.

"ఇంకోసారి తిరిగి రా" అన్నాడు, రింగుకి ముడి వేస్తూ. "ఈసారి నేను నోరు మూసుకుంటాను. నువ్వు మాత్రం మూయకు."