అరవంలో చెప్పిన మాట

ఆ కేసు ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని పొన్నుస్వామి ఇప్పటికీ అనుకుంటాడు. పన్ను కట్టి, నాలుగు తిట్లు తిట్టుకుని, ఇంటికి పోయి అన్నం తినేవాడు. గెలిచాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తిరుత్తణిలో తెలుగువాళ్ళ మగ్గాల వీధి మనిషి అతను. తాతముత్తాతలు నేసి బతికారు గానీ, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చునే ఓపిక అతనికి లేదు. ఆవడిలో వెల్డింగు నేర్చుకుని, డెబ్బై ఏడు మొదట్లో బహ్రెయిన్‌లో ఓడలు బాగుచేసే రేవులో పనికి చేరాడు. భార్య సుందరవల్లి, కూతురు కాంచన ఇక్కడే ఉండిపోయారు. ఇల్లు సుందరవల్లికి తండ్రి రాసిచ్చినది. ముందు గదిలో మగ్గం, వెనక వంట, మధ్యలో వాళ్ళ కాపురం.

మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడే తిరువళ్ళూరు ఆడిటరు గోపాలన్ ఒక సంగతి చెవిన వేశాడు. ఏడాదిలో సగానికి పైగా ఇక్కడ మన కోసం ఒక ఇల్లు నడుస్తూ ఉండి, మనం వచ్చి నెల రోజులు ఉన్నామంటే చాలు, సర్కారు లెక్కలో మనం ఇక్కడి కాపురస్తులమే. అప్పుడు బహ్రెయిన్ జీతం మీద కూడా ఇక్కడ పన్ను పడుతుంది. నెల నిండకుండా విమానం ఎక్కేయమన్నాడు. పొన్నుస్వామి బుద్ధిగా ఎక్కేశాడు. పెళ్ళాం పిల్లల దగ్గర ఉండటానికి కూడా గడువు పెట్టిన మహానుభావులకు సొంత సంసారాలు ఉన్నాయో లేవో మరి.

రెండోసారి వచ్చినప్పుడు అతనికి ఏం పుట్టిందో, మగ్గం దగ్గర చేరాడు. సుందరవల్లి అంచు చీర నేస్తోంది. చీర ఒళ్ళు ఒకరు నేస్తుంటే, అంచు దారం ఉన్న నాడె విసరడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని ఆ పని చేసినవాడే గనక చేతులు మెల్లగా దారికి వచ్చాయి. అయినా తప్పులు పడ్డాయి. ఆమె నవ్వింది. విప్పి మళ్ళీ నేశారు. పెళ్ళయిన తర్వాత వాళ్ళిద్దరూ అంత సుఖంగా ఉన్న రోజులు ఇంకెప్పుడూ లేవు.

"పడుగు అయిపోయేదాకా ఉండు మామా," అని అడిగింది.

"నెల దాటితే పన్నంట మే."

"కడదాం. ఇంత సంపాదిస్తా ఉండావు. ఇంట్లో నాలుగు దినాలు ఉండేదానికీ లెక్క చూస్తామా?"

అతను ఉండిపోయాడు. పడుగంతా చీరలై దిగాకే రైలెక్కాడు.

మూడోసారి వచ్చేసరికి పన్ను ఆఫీసు నోటీసు ఇంట్లో ఉంది. ఎండలో ఓడల పొట్టల కింద పడుకుని సంపాదించినదానికి వీళ్ళు పంపకానికి వస్తారా అని పొన్నుస్వామికి అరికాలి మంట నెత్తికెక్కింది. గోపాలన్ మాత్రం తాపీగా దారి చూపించాడు. ఇల్లు ఆవిడది, మగ్గం ఆవిడది. ఇల్లు నేత మీదే నడుస్తుందని, మొగుడి కోసం నడిపే ఇల్లు కాదని, వస్తే చుట్టంలా ఉండి పోతాడని ఆమె వచ్చి ఆఫీసరు ముందు చెప్పాలి. అంతే, కేసు పోతుంది.

సుందరవల్లి వినగానే తల అడ్డంగా ఊపింది.

"పన్ను కట్టేసెయ్ మామా. ఉండమని అడిగినదాన్ని నేనే. ఇప్పుడు నీకు ఇల్లే లేదని నేనే ఎట్ల చెప్పేది?"

పొన్నుస్వామి రెండు రోజులు బతిమాలాడు. మూడో రోజు అతనికి గొప్ప తెలివి పుట్టింది.

"నువ్వు అరవంలో కదా చెప్పేది? ఆఫీసు మాట ఆఫీసులోనే ఉండిపోతుంది. సుమ్మా, ఊరికే నాలుగు మాటలు. అది ఇంటికి వస్తుందా?"

ఆ వీధిలో ఎవరికైనా ఇది సబబుగానే తోస్తుంది. రేషన్ షాపులో బేరాలు, బ్యాంకులో వినయాలు, పోలీసు వస్తే చెప్పే అబద్ధాలు అన్నీ అక్కడ అరవంలోనే. పోట్లాటలు, ఏడుపులు, పిల్లలకు జోలపాటలు తెలుగులో. సుందరవల్లి పెట్టె తీసి మంచి చీర కట్టుకుంది.

తిరువళ్ళూరులో ఆ ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. మీ ఆయన వచ్చేది మీ కోసమే కదమ్మా, అది ఆయన ఇల్లు కాదా అని నిదానంగా అరవంలో అడిగాడు. సుందరవల్లి మొగుడి వైపు చూసింది. వద్దులే అని ఒక్క మాట అని ఉంటే ఆమె లేచి వచ్చేసేది. ఆ సంగతి పొన్నుస్వామికి అప్పుడే తెలుసు. తెలిసీ, చెప్పమన్నట్టు తలాడించాడు.

"అదు అవర్ వీడు ఇల్లీంగ," అందామె. అది ఆయన ఇల్లు కాదని. "విరుందాళి మాదిరి వందుట్టు పోవారు." చుట్టంలా వచ్చి పోతారని.

ఆఫీసరు రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో వడలు అమ్మకానికి వచ్చాయి. తింటావా అని అడిగాడు.

"వేండాంగ," అంది. వద్దండీ అని, అరవంలోనే.

"ఆఫీసు అయిపోయింది మే," అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇంటికి వచ్చాక కాంచనతో తెలుగే, ఎదురింటి కుప్పమ్మతో తెలుగే. అతనితో మాత్రం అరవం. భోజనానికి రండి, నీళ్ళు కాగాయి, స్నానం చేయండి, అంతా మన్ననగా. మామా అన్న పిలుపు పోయింది. కోపం, రెండు రోజులు పోతే తగ్గుతుందిలే అనుకున్నాడు. మగ్గం దగ్గరికి పోతే, అంచు నాడె పట్టుకోవడానికి కుప్పమ్మ వచ్చి కూర్చుని ఉంది. నెల నిండకుండానే విమానం ఎక్కాడు. ఈసారి ఉండమని ఎవరూ అడగలేదు. కేసు కొట్టేశారని గోపాలన్ రాసిన ఉత్తరం బహ్రెయిన్‌లో అందితే, చదివి సంతోషించడానికి ప్రయత్నం చేశాడు.

ఆ తర్వాత వచ్చిన సెలవులూ అలాగే గడిచాయి. అరిచి చూశాడు. కాంచనను మధ్యవర్తిగా పంపాడు. బంగారం తెచ్చాడు. నగ తీసుకుని, అరవంలో బాగుందని చెప్పి పెట్టెలో పెట్టింది.

ఎనభై మూడులో వచ్చినప్పుడు గోపాలన్ తిరువళ్ళూరులో రైలు దగ్గరికే ఎదురొచ్చి మరీ చెప్పాడు, ఆ ఇంటి నిబంధనను చట్టంలోంచే తీసేశారని. ఇక్కడ ఇల్లు నడిచినా ఇప్పుడు దోషం లేదు, నెల మీద పది రోజులున్నా అడిగేవాడు లేడు. పొన్నుస్వామి ఆ మాట పట్టుకుని తిరుత్తణి స్టేషను నుంచి దాదాపు పరుగున వచ్చాడు. సుందరవల్లి మగ్గం మీద ఉంది.

"వల్లీ, ఆ రూలు ఎత్తేసినారంట. ఇది నా ఇల్లని యాడ కావాలన్నా చెప్పుకోవచ్చు. నువ్వు చెప్పిండే మాటకు ఇంక పనే లేదు. తప్పు నాదే మే. ఆ దినం తల ఆడించకుండా ఉండాల్సింది."

ఆమె నాడె ఆపింది. గుంటలోంచి పైకి వచ్చి, చెంగుతో బెంచీ తుడిచింది.

"రొంబ సంతోషంగ," అంది. "ఉక్కారుంగ. కాపి కొండు వరేన్."

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే కాళ్ళు పట్టుకునైనా బతిమాలుకునేవాడు. కాఫీ తెస్తాను కూర్చోండని, గడప తొక్కిన ఎవరితోనైనా అనే మాట అది, అంతే మంచిగా అంది.

పొన్నుస్వామి చేతిలో పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడి, బెంచీ చివర కూర్చున్నాడు.