తిప్పి రాయని వరుస

మా ఊరి సెరిక్కలి ఒంటె నాలుగు రోజులుగా మేత ముట్టలేదు. తల్లి సంవత్సరీకపు విందుకు దానినే కోయాలని అతని నిశ్చయం. మా ఇసుక నేలలో ఒంటెకు ప్లేగు సోకడం, దాన్ని కోసినవాళ్లకు అంటుకోవడం అరుదే గానీ, వినని సంగతి కాదు. అందుకే దాని రక్తాన్ని మా ప్రయోగశాలకు పంపి, మా మాట కోసం ఆగాడు.

నేను ఆల్మటీ నగరం నుంచి తిరిగి వచ్చేసరికి ఆ మాట చెప్పి మూడు రోజులైంది. పరీక్ష చేసింది నా శిష్యురాలు జనెర్కె. మా వైపు పెద్దావిడలను పిలిచినట్టే నన్ను 'అపా' అంటుంది.

"రక్తం శుభ్రంగా ఉంది అపా. ఆ సెరిక్కలి ఫోన్ల మీద ఫోన్లు చేసి నా ప్రాణం తోడేశాడు. 'చుట్టాలొచ్చి కూర్చున్నారు తల్లీ, మీ గాజు గొట్టాలు వండిపెట్టనా?' అంటాడు!" అని నవ్వింది.

ఫలితాల పటం చూశాను. ఒంటె గడి ఖాళీ, ప్లేగు గీత లేదు. దాని పక్కన, ప్లేగు ఉన్నదని ముందే తెలిసిన, గీత పడి తీరవలసిన నమూనా గడి కూడా ఖాళీ.

"ఇదేమిటి?"

"అది పాతది కదా అపా. మొన్న కరెంటు పోయినప్పుడు పాడైపోయుంటుంది."

నమూనా పాడవలేదు. ప్లేగు క్రిమి డీఎన్ఏకు అతుక్కుని దాన్ని పట్టిచ్చేందుకు పరీక్షకు కొత్తగా చేయించిన రెండు జన్యు ముక్కల వరుస రాసిన కాగితం తెప్పించుకున్నాను. డీఎన్ఏ పోగులు రెండూ పక్కపక్కనే సాగుతాయి, కానీ ఎదురు దిక్కులకు. గణితంలో రెండు సమాంతర బాణాలు గీసి ఒకదాని మొన తిప్పినట్టు. కనుక రెండో ముక్కకు జత అక్షరాలు రాశాక, ఆ వరుసను చివరి నుంచి మొదటికి తిప్పి రాయాలి. జనెర్కె జతలన్నీ సరిగ్గా కూర్చింది, తిప్పలేదు. అటువంటి ముక్క వెతకవలసిన చోట అతకదు. అతకనప్పుడు ఏ రక్తమైనా శుభ్రమే.

కాగితం అడుగున ఆమోదపు సంతకం నాది. జతలు సరిచూశాను, దిక్కు చూడలేదు.

వెంటనే సెరిక్కలికి ఫోను చేశాను. అతని కూతురు ఎత్తింది.

"విందు బ్రహ్మాండంగా జరిగింది అపా! మీరే రాలేదు."

"చుట్టాలు ఉన్నారా?"

"నిన్ననే బయల్దేరారు. ఉత్త చేతుల్తో పంపుతామా? దూరం వాళ్లకి పచ్చిమాంసమే మూటలు కట్టిచ్చాం."

"నాన్న ఏరి?"

"పడుకున్నాడు. కోసేటప్పుడు వేలు తెగిందిలే, ఒళ్లు కాస్త కాలుతోంది."

"ఏ చెయ్యి?"

"కుడిది."

"ఆ చెయ్యి పైకెత్తగలుగుతున్నాడా?"

ఆమె లోపలికి వెళ్లి తండ్రిని అడగడం వినిపించింది.

"లేదు. పొద్దుట్నుంచీ చంకలో ఏదో గడ్డ లేచిందంటున్నాడు... మీకెలా తెలిసింది అపా?"