బాబిన్ మెడ మీద మందు

ఇలా దగ్గరికి జరగండర్రా, కాళ్ళు ముడుచుకుంటే అందరికీ చోటుంటుంది. మీ తాతయ్య పక్కగదిలో మిషను తొక్కుతున్నారు. ఆ చప్పుడు ఆగేలోపు చెప్పెయ్యాలి.

మా కుట్టుకొట్లో బాబిన్ అని ఒక పిల్లి ఉండేది. నల్లదారం ఉండలా మిషను కిందే పడుకునేది. "దీని బొచ్చంతా చొక్కాలకే" అని తాతయ్య పైకి విసుక్కునేవారు గానీ అదంటే ఆయనకు ప్రాణం.

ఒక మధ్యాహ్నం అది ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయింది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. గుడ్డల బుట్టలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

"నీళ్ళు పట్టారా?" అంది డాక్టరమ్మ.

"పట్టబోయానమ్మా. గ్లాసు తన్నేసింది."

"మంచి పని చేసింది. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదు. ఎలకల మందు తిందా? ఒంటికేమైనా రాశారా?"

నేను లేదు, లేదు అంటున్నాను. తాతయ్యేమో మెడలో వేలాడుతున్న టేపును వేలికి చుడుతున్నారు, విప్పుతున్నారు.

సూది పడ్డాక అదురు తగ్గింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, మళ్ళీ మీసాలు వణికాయి.

"మందు పట్టు తగ్గగానే మళ్ళీ మొదలవుతోంది. కారణం తెలియకపోతే ఎంతసేపని ఆపను?" అంటూ ఆమె బాబిన్‌ని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

తాతయ్య బల్ల దగ్గరనుంచి తలుపు దాకా, తలుపు దగ్గరనుంచి బల్ల దాకా ఒకటే తిరుగుడు.

"కాస్త కూర్చోండి. మిమ్మల్ని చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చుంటే ఊపిరాడటం లేదే."

అంతే, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయారు. వెనకే నేను.

"డాక్టరుగారూ, పొద్దున దాని మెడ మీద నేనే మందు వేశాను. మా అమ్మాయి కుక్కకి వాడగా మిగిలిన పిడుదుల మందు. ఇది గోక్కుంటోంది కదా, పారెయ్యడమెందుకని..."

జానెడు గుడ్డపీలిక కూడా దాచుకునే మనిషి మరి!

"ఇందాక అడిగితే నోరు పెగల్లేదేం?" అన్నాను.

"నా చేత్తోనే చంపానని ఎలా చెప్పనే?"

"ఇంకా చావలేదుగా!" అని కసిరింది డాక్టరమ్మ. "కుక్కల మందులు కొన్ని పిల్లులకి విషం. ఒంటి మీద ఉన్నంతసేపూ లోపలికి ఇంకుతూనే ఉంటుంది. ముందు కడగాలి, పట్టుకోండి."

గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే సబ్బుతో మెడంతా రుద్ది కడిగారు. తాతయ్య తల పట్టుకున్నారు. ఆయన టేపు నీళ్ళలో మునిగినా చూసుకోలేదు. తుడిచి, వెచ్చగా చుట్టి, ఇంకో సూది వేశారు. వణుకు తగ్గేది, వచ్చేది, తగ్గేది. సాయంత్రం దాకా మా గుండెలూ దానితోపాటే.

ఆసుపత్రి మూసే వేళకు తాతయ్య దాని మీదికి వంగారు. తడి టేపు కొస ఊగింది. బాబిన్ కళ్ళు దాని వెంటే తిరిగాయి. పంజా ఎత్తబోయి, ఎత్తలేక, మళ్ళీ ఎత్తబోయింది. ఆయన అలాగే వంగి నిలబడిపోయారు.

అదిగో, మిషను ఆగింది.

"మళ్ళీ ఆ కథేనా?" అంటున్నారు, విన్నారా? రేపు మీరూ మీ పిల్లలకి ఇది చెప్పాలి. పిల్లి బతికిందని చెప్పి లేచిపోకండి. తాతయ్య తలుపు తోసుకుని వెళ్ళారే, అదీ చెప్పండి. ఆ ముక్క కత్తిరించెయ్యమని ఆయన అంటారు. వినకండి.