ఆరో గడి

పొయ్యి మీద ఉడికినది ఒక్క పప్పే గాని, దించేసరికి అది మూడు గిన్నెల పప్పు అయింది. కారం వేయకుండా, ఆకుకూర సన్నగా తరిగి కలిపినది కూతురికి. ఉప్పు తగ్గించి మెత్తగా మెదిపినది అత్తగారికి. ఆకుకూర తగలకుండా పైపైన తీసి, నూనెలో ఎర్రగా వేయించిన వెల్లుల్లి వేసినది భర్తకు. దాని పక్కన బంగాళాదుంప వేపుడు కూడా ఉండాలి. లేకపోతే అతను పళ్ళెం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, "ఇవాళ ఆస్పత్రి భోజనమా?" అంటాడు. నాలుగో గిన్నె లేదు. మూడింటి అడుగునా మిగిలినదాన్ని ఆమె గట్టు దగ్గర నిలబడి తింటుంది. ఏమీ మిగలని రోజున, మిగలలేదన్న సంగతి కూడా ఆమెకు తోచదు. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు మాత్రం నాలుగున్నాయి. నాలుగోదాని మీద ఆరిన బట్టల గుట్ట ఉంటుంది. ఆ గుట్ట రోజూ మారుతుంది గాని, కుర్చీ ఎన్నడూ ఖాళీ అవదు.

కూతురికి ఏడేళ్ళు. మెతుకులు ఏరుకుని తింటుందని నాయనమ్మ దానికి పిట్ట అని పేరు పెట్టింది. ఏడాదిగా పిట్టకు కడుపునొప్పి. నాలుగేసి రోజులు రెండుకి వెళ్ళదు. వెళ్ళిన రోజున ఏడుపు. బడి నుంచి ఫోను వస్తే అది తల్లికే వస్తుంది. తండ్రి ఇంకో బడిలో హెడ్మాస్టరు గనక ఆయన్ను మధ్యలో కదిలించరాదని అందరికీ తెలుసు.

నెల రోజుల కిందట పిల్లల డాక్టరమ్మ పిట్ట పొట్ట నెమ్మదిగా నొక్కి చూసి, కాగితం మీద ఆరు నిలువు గడులు గీసి ఇచ్చింది. "మందు రాయడం నాకు నిమిషం పనమ్మా. కానీ ఈ వయసులో పేగులు మందు కన్నా అలవాటుతో దారిలో పడతాయి. పప్పులు, ఆకుకూరలు, పెరుగు, ఒక పండు, సరిపడా నీళ్ళు. పాపకి వేరే వండకండి. పాప తినేదే ఇంట్లో అందరూ తినండి, అందరూ కూర్చున్నప్పుడే పాపనీ కూర్చోబెట్టండి. పొద్దున తిన్నాక పది నిమిషాలు బాత్రూములో, ఎవరూ తొందరపెట్టకుండా. నాలుగు వారాలు ఇవన్నీ రాసి పట్టుకురండి" అంది. తిన్న వేళ, తిన్నది, తాగిన నీళ్ళు, బాత్రూము, నొప్పి. ఇవి అయిదు గడులు. ఆరో గడి పైన, తినేటప్పుడు ఏం జరిగింది అని రాసి ఉంది.

"ఏం జరుగుతుందండీ? తింటుంది" అని నవ్వాడు భర్త.

"అదే రాయండి" అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చాక 'అందరూ తినేదే' అన్న మాట ఎవరి చెవినా పడనట్టే ఉంది. "నాకెందుకే ఆ పత్యం? నా పేగులకేం రోగం?" అన్నారు అత్తగారు. "మా రోజుల్లో పేగులున్నాయని కూడా మాకు తెలీదు. పెట్టింది తినేవాళ్ళం, అవెక్కడికి పోవాలో అక్కడికి పోయేవి." హెడ్మాస్టరుగారు తన మటుకు తాను తేల్చేశాడు: "పిల్లల సంగతి నాకు చెప్పకు. రోజూ ఆరువందల మందిని చూస్తున్నాను. తల్లి ఇంటిపట్టున ఉండే పిల్లకి కడుపునొప్పి రావడం నేనింతవరకు చూడలేదు." ఆ వారాంతంలో అతను చక్కని దస్తూరీతో ఒక లేఖ రాశాడు. 'కుటుంబ బాధ్యతల దృష్ట్యా, నా కుమార్తె ఆరోగ్యమునకు పూర్తికాలము కేటాయించవలసి యున్నందున' అని మొదలయ్యే ఆ లేఖ ఆమె రాజీనామా. ఒక్క అక్షరదోషం లేదు. కింద సంతకానికీ తేదీకీ చోటు వదిలి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాడు. "తొందరేం లేదు. నాలుగు వారాలు గడవనీ. నీ లెక్కలు చూసి ఆ డాక్టరే చెబుతుంది. అప్పుడు పెడుదువుగాని" అన్నాడు.

పాల కోసం తలుపు తెరిచినప్పుడల్లా ఆ కాగితం ఆమె ముంజేతికి తగిలేది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. డాక్టరు చెబితే పెట్టవలసిందే కాబోలు అనుకుంది. ఎవరో బస్సు వేళ చెబితే అనుకున్నట్టుగా అనుకుంది.

అలా అనుకోవడం ఆమెకు వృత్తి నేర్పిన విద్య. పదిహేడేళ్ళుగా ఆమె కోర్టులో స్టెనో. బోనులో నిలబడ్డవాళ్ళు ఏం చెబితే అది షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించడం ఆమె పని. కన్నబిడ్డను పోగొట్టుకున్నవాడు చెప్పినా, గోడ సరిహద్దు గురించి పక్కింటివాడు చెప్పినా ఆమె పెన్సిలు ఒకే వేగంతో నడవాలి. చేరిన కొత్తలో ఒక సాక్షి మాటలకు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పెద్ద స్టెనో పక్కకు పిలిచి, "అమ్మాయ్, చెవిలో పడ్డది వేళ్ళలోంచి దిగిపోవాలి. మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఆగిందా, తరవాతి వాక్యం తప్పిపోతుంది" అని చెప్పాడు. ఆ తరవాత ఆమెకు ఒక్క వాక్యమూ తప్పిపోలేదు. వేళ్ళలోంచి దిగిపోయే ఆ దారి ఏ సంవత్సరంలో ఇంట్లోకి కూడా వచ్చిందో ఆమెకు గుర్తు లేదు. "జీతం తెచ్చేదానివి కదా, పెరుగు తోడుపెట్టడం ఎందుకు గుర్తుంటుంది?" అని అత్తగారు అంటే ఆ మాట లోపలికి వచ్చేది, బయటికి పోయేది. ఆమె గిన్నె తోముతూనే ఉండేది.

కాబట్టి ఆరో గడిని నింపడం ఆమెకు కష్టం కాలేదు. ఒక నోటుబుక్కులో అవే గడులు గీసుకుంది. ఏం జరిగిందో రాయమన్నారు, రాసింది. అలవాటు చొప్పున షార్ట్‌హ్యాండ్‌లోనే రాసింది. ఎవరన్నది, ఏమన్నది, ఒక మాట కలపకుండా, ఒక మాట తీయకుండా. "ఏమిటే ఆ కొక్కేలు? కోడి గీకినట్టు!" అన్నారు అత్తగారు. ఆమె దాన్నీ రాసుకుంది.

నాలుగు వారాలు నిండిన రోజు అది. మూడు గిన్నెలూ కడిగి బోర్లించి, ఆమె నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. నలుగురూ వెళ్ళారు. అత్తగారు వస్తానన్నారు, డాక్టరు తీర్పు స్వయంగా వినాలని.

డాక్టరమ్మ గదిలో భర్త కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "డాక్టరుగారూ, మీరు చెప్పినవన్నీ పెట్టింది. ఆ విషయంలో వంక పెట్టను. కానీ తగ్గలేదు. అంటే లోపం తిండిలో లేదన్నమాట. తల్లి పొద్దున్న వెళితే సాయంత్రానికి గాని రాదు. మీరొక్క మాట చెబితే..."

డాక్టరమ్మ వింటూనే పుటలు తిప్పుతోంది. "తిండి బ్రహ్మాండంగా ఉందమ్మా. పప్పు, ఆకుకూర, పెరుగు, ఒక్క రోజు కూడా తప్పలేదు. నీళ్ళు కూడా. మొదటివారం కడుపు చక్కగా కదిలింది. తరవాత మళ్ళీ ఆగిపోయింది." ఆమె వేలు ఆరో గడి దగ్గర ఆగింది. "ఇదేమిటి? పిట్టగారు గీసిన బొమ్మలా?"

"షార్ట్‌హ్యాండ్ అండీ. అలవాటు."

"చదివి వినిపిస్తారా?"

ఈ మాట ఆమె పదిహేడేళ్ళుగా వింటున్నదే. సాక్షి తానలా అనలేదని అడ్డం తిరిగినప్పుడు జడ్జిగారు ఆమె వైపు తిరిగి అనే మాట. ఆమె అప్రయత్నంగా వెన్ను నిటారు చేసి, నోటుబుక్కు అందుకుంది.

డాక్టరమ్మ పిట్ట వైపు చూసి, "పాప వినకూడనిదేమైనా ఉందా? బయట కూర్చోబెట్టమంటారా?" అని అడిగింది.

"పాప విననిది ఇందులో ఏమీ లేదండీ" అంది ఆమె.

చదవడం మొదలుపెట్టింది. కోర్టులో చదివే గొంతే. హెచ్చూ తగ్గూ లేదు.

"మొదటివారం, శనివారం, మధ్యాహ్నం. తండ్రి: 'ఈ గడ్డంతా మేపితే పిల్ల మేకవుతుంది.' నాయనమ్మ నవ్వారు. పాప: 'చాలు.' రెండోవారం, సోమవారం, ఉదయం. తండ్రి, బాత్రూము తలుపు కొడుతూ: 'లోపల కాపురం పెట్టావా? నాకు బడిలో ప్రార్థన వేళవుతోంది. అయిదు లెక్కపెడతాను, రాకపోతే నిన్ను వదిలేసి పోతాను. ఒకటి. రెండు.' పాప బయటికి వచ్చేసింది. పని కాలేదు."

డాక్టరమ్మ పక్క గడి మీదికి వంగింది. సోమవారం లేదు. మంగళవారం లేదు. బుధ, గురువారాలు లేదు, నొప్పి, బడి నుంచి ఫోను.

"మంగళవారం, సాయంత్రం. నాయనమ్మ: 'కోర్టులో దొరలందరికీ చేతులు కట్టుకుని నిలబడుతుంది మీ అమ్మ. నీకు ముద్ద పెట్టడానికి మాత్రం తీరిక లేదు.' పాప: 'చాలు.'"

"నేనలా అన్నానా?" అన్నారు అత్తగారు.

"అన్నావు నాయనమ్మా" అంది పిట్ట, కాళ్ళూపుతూ. "పెరుగు కలుపుకుంటూ అన్నావు. నాకు మీగడ కూడా వేశావు."

"మూడోవారం, ఆదివారం, మధ్యాహ్నం. తండ్రి: 'నీ కడుపునొప్పి పోవాలంటే మీ అమ్మ ఇంట్లో ఉండాలి. నువ్వే అడుగు. నువ్వడిగితే కాదనదు.' పాప: 'అమ్మ మానేస్తే నొప్పి పోతుందా?' తండ్రి: 'పోతుంది.' పాప: 'మానకపోతే?' తండ్రి: 'నీ ఇష్టం, నీ కడుపు.' పాప: 'చాలు.'"

భర్త గొంతు సవరించుకున్నాడు. ఆమె పుట తిప్పింది. పుట తిప్పాక తరవాతి పంక్తి కనిపించింది. "నాలుగోవారం, గురువారం, ఉదయం" అని చదివింది. "తల్లి:" అని చదివింది. అక్కడ ఆగిపోయింది.

పదిహేడేళ్ళలో ఎన్నడూ ఆగని గొంతు అది. ముందున్నవి తాను గీసిన గీతలే. వాటి అర్థం ఆమెకు తెలుసు. ఆ ఉదయం జడ్జిగారు తొమ్మిదిన్నరకే రమ్మన్నారు, మూడు గిన్నెలు, వేపుడు మాడింది, పిట్ట ముద్ద బుగ్గన పెట్టుకుని మింగకుండా కూర్చుంది. అవేవీ రాయలేదు. అవి ఎవరూ అన్న మాటలు కావు. అన్న మాట ఒక్కటే రాసింది. చెవిలోంచి వేళ్ళలోకి దిగిపోయినది మొట్టమొదటిసారి మధ్యలో అడ్డం పడింది.

"ఏమైందమ్మా?" అంది డాక్టరమ్మ.

పిట్ట తల్లి మోచేతి మీదుగా ఆ కొక్కేలకేసి చూసింది. అది చదవలేదు. చదవనక్కర్లేకపోయింది. "'తిని చావవే. అది నీ కడుపు కాదు, నా మెడకి రాయి.' అది కదమ్మా?" అంది, పాఠం మరిచిన పక్కపిల్లకు అందించినట్టు.



చదవడం పూర్తయ్యాక కోర్టులో ఒక ప్రశ్న వేస్తారు. అది వేయవలసినవారు జడ్జిగారు. ఇక్కడ జడ్జిగారు లేరు గనక ఆమె తానే నోటుబుక్కు మూసి, భర్త వైపూ అత్తగారి వైపూ తిరిగి అడిగింది: "మీరన్నవి ఇవేనా? మార్చవలసినవేమైనా ఉన్నాయా?"

"ఏమిటిది, నన్ను బోనెక్కిస్తున్నావా?" అన్నాడు భర్త. తరవాత డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వబోయాడు. "ప్రతి ఇంట్లోనూ అనుకునే మాటలే కదండీ ఇవి."

డాక్టరమ్మ నవ్వలేదు. "ప్రతి ఇంటి పాపా నా దగ్గరికి రాలేదండీ. ఈ పాప వచ్చింది" అంది. తరవాత తల్లి వైపు చూసింది. "మీ తిండి మార్చక్కర్లేదమ్మా. మొదట్లో చెప్పినది ఇప్పటికీ జరగలేదు, అది చేయండి. ఒకే వంట, అందరూ ఒకేసారి. నోటుబుక్కు వారం రోజులు నా దగ్గరుంచండి, తేదీలు చూసుకుంటాను. రాయడం మాత్రం ఆపకండి."

ఉద్యోగం మానమని ఆవిడ అనలేదు.

ఆ సాయంత్రం ఆమె పప్పు వండింది. ఆకుకూర వేసింది. గిన్నె పొయ్యి మీంచి దించి, అలాగే తెచ్చి బల్ల మధ్యన పెట్టింది. పక్కన అన్నం, పెరుగు, కోసిన బొప్పాయి ముక్కలు. నాలుగు పళ్ళేలు. నాలుగో కుర్చీ మీది బట్టల గుట్టను రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి, భర్త మంచం మీద పడుకునే వైపున పెట్టి వచ్చింది.

"వేపుడేదీ?" అన్నాడు భర్త.

"బంగాళాదుంపలు బుట్టలో ఉన్నాయి" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అవి నిజంగా బుట్టలోనే ఉన్నాయి.

ఆమె కుర్చీలో కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే వంటగది చిన్నదిగా కనిపించింది. నోటుబుక్కు డాక్టరమ్మ దగ్గర ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చి, లేచి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు మీది కాగితం తీసుకుని వచ్చింది. తిరగేసి బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి ఆరు నిలువు గడులు గీసింది.

"అది నేను రాసిన..." అన్నాడు భర్త.

"మంచి కాగితం. వెనక తెల్లగా ఉంది."

ఆరో గడి పైన శీర్షిక రాసింది. ఈసారి కొక్కేలు కావు. రెండో తరగతి పిల్ల కూడబలుక్కుని చదవగలిగేంత పెద్ద అక్షరాలు. పిట్ట మెడ సాచి చదివింది కూడా: "తి...నే...టప్పుడు ఏం జరి...గింది."

రికార్డులోకి ఎక్కినదాన్ని చెరపడానికి వీల్లేదు. సవరణ ఉంటే కింద రాయాలి. ఆమె మొదటి పంక్తిలో 'అమ్మ' అని రాసి, పిట్ట ముఖంలోకి చూస్తూ, "మొన్న గురువారం నేనన్నది తప్పు. నీ కడుపు నాకు రాయి కాదు" అంది. అన్నది అన్నట్టు రాసింది. రాస్తుంటే పెన్సిలు వేగం తగ్గింది. తగ్గనిచ్చింది.

తరవాత పెన్సిలు కాగితం మీదే ఉంచి, తల ఎత్తి, భర్తనూ అత్తగారినీ చూసి, "ఇక కానివ్వండి" అంది.