పచ్చడిబండ

"ఆ బండ ఇటివ్వు త్రిపురా. దోసకాయ ముక్కలు రోట్లో వేసి కూర్చున్నాను," అంది మల్లీశ్వరి వంటింటి గుమ్మంలోంచి.

"ఒక్క పది నిమిషాలు అక్కా. ఈ వరస అయిపోనీ."

"నీ వరసలు ఈ జన్మకి అవుతాయా? ఇంట్లో ఉన్నదే ఒక్క బండ. అది పచ్చడి నూరడానికా, కంప్యూటరుకి కాపలా పెట్టడానికా?"

"ఈ పూటకి మిక్సీలో తిప్పేయ్."

"మిక్సీలో తిప్పిన పచ్చడి మీ బావగారు వేలు పెట్టి చూస్తారా? చాల్లే సంబడం!"

మల్లీశ్వరి విసురుగా వచ్చి బండ ఎత్తుకుంది. లాప్‌టాప్ తెర చటుక్కున నల్లబడింది.

బాలత్రిపురసుందరి కీబోర్డు మీంచి వేళ్లు తియ్యలేదు. పొద్దున ఆరింటి నుంచీ గడిగడికీ రంగు నింపుతూ వేస్తున్న చీర అంచు అది. బందరు కాలవ గట్టున పెరిగే జమ్ము కంకులు, గాలికి ఒకవైపు వాలినట్టుగా. ఆఖరి గంట పని ఆ నలుపులో కలిసిపోయింది.

"పోయింది," అంది.

"పోతే మళ్లీ వేస్తావులే. నీకేం కొత్తా?" అంది తోడికోడలు. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అలా అనుకుంటుంది. అందుకే త్రిపురకి ఒళ్లు మండింది.

ఏడు నెలలుగా ఆ లాప్‌టాప్‌కి బండే ప్రాణం. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చార్జింగ్ పిన్ను దూర్చే జాక్ లూజైపోయి, వైరుని ఒక పక్కకి వంచి నొక్కి పెడితే తప్ప కరెంటు అందదు. మొదట అగ్గిపెట్టె పెట్టి చూసింది, తర్వాత పాత డైరీ, తర్వాత ఇస్త్రీపెట్టె. ఏదీ నిలవలేదు. ఆఖరికి పచ్చడిబండ కుదిరింది. కడిగిన బండ తడి ఆరకుండానే తెచ్చి పెట్టీ పెట్టీ బల్ల మీద గుండ్రటి తెల్ల మచ్చ పడింది. వైరు కదలకుండా చూసుకుంటూ ఎడమపక్కకి ఒరిగి కూర్చోవడంతో ఆమె మెడ కూడా అటే పట్టేసింది.

ఆమెకి నలభై ఏడేళ్లు. పెడనలో మగ్గాల ఇంట పుట్టింది. బందరులో బీయస్సీ చదివి, భవానీపురంలోని ఈ ఇంటికి చిన్నకోడలుగా వచ్చింది. వచ్చిన ఏడాదే, గ్రాఫు కాయితం మీద అంచులు వేసిచ్చే ముసలాయన చూపానక మానేశాడు. "చదువుకున్నదానివి, నువ్వు కాస్త చూడమ్మా," అన్నాడు బావగారు ఆదిశేషయ్య. ఆ కాస్తకి ఇరవై మూడేళ్లు నిండాయి. కాయితం పోయి లాప్‌టాప్ వచ్చింది, అంతే తేడా. గవర్నర్‌పేటలోని వాళ్ల హోల్‌సేల్ షాపులో చీర విప్పి, "ఎవరండీ మీ డిజైనరు?" అని బేరగాళ్లు అడిగితే, "ఉన్నార్లెండి ఒకరు," అంటాడాయన. ఆ ఒకరు వంటింటికీ పడగ్గదికీ మధ్య నడవలో, మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటుంది. ఆ మాట ఆయన పక్కనే చీరలు మడతపెట్టే ఆమె భర్త వేణుగోపాల్ కూడా చెప్పడు.

రిపేరుకి తీసుకెళ్లకపోలేదు. శివరాత్రికి ముందు ఆదిశేషయ్యే స్వయంగా తీసుకెళ్లి, సాయంత్రానికి తెచ్చేశాడు. "మదర్‌బోర్డు పోయిందిట. దానికి తొమ్మిది వేలు తగలెయ్యడం దండగ. ఉగాదికి కొత్తది కొందాం," అన్నాడు. ఉగాది వెళ్లింది. వినాయకచవితీ వెళ్లింది.

వంటింట్లో బండ చప్పుడు మొదలైంది. నూరడం అయ్యాక బండ తిరిగొస్తుంది, మళ్లీ ఒరిగి కూర్చోవచ్చు. మూడింటికి రాజమండ్రి పార్టీ షాపుకి వస్తోంది, అప్పటికి అంచు కావాలి. ఎప్పుడూ అయితే అలాగే చేసేది. ఇవాళ మాత్రం లేచి, జుట్టు ముడేసుకుని, లాప్‌టాప్‌ని కూరల సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల కింద ఉంది రిపేరు కొట్టు. కొట్టు యజమాని యేసుకుమార్ మూత మీది షాపు స్టిక్కరు చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది నాకు తెలిసిన మిషనేనండీ. ఫిబ్రవరిలో పెద్దాయనొకరు తెచ్చారు. జాక్ ఒక్కటీ మారిస్తే చాలన్నాను. ఇంకా మార్పించలేదా?"

"మదర్‌బోర్డు పోయిందన్నారటగా మీరు?"

"నేనా? బోర్డుకేమండీ, బంగారంలా ఉంటే! ఆయనే వద్దన్నారు. 'ఇంట్లో ఆడాళ్లు టైంపాస్‌కి వాడేదేలేవయ్యా, ఎట్టాగో నడుపుకుంటారు' అని పట్టుకెళ్లిపోయారు." ఆమె ముఖం చూసి ఆగాడు. "మీ వారాండీ?"

"మా బావగారు."

చుట్టూ హారన్లు మోగుతున్నాయి. ఆమెకి ఒక్క మాటే వినబడుతోంది. టైంపాస్. రెండు కళ్లకీ అద్దాలు తెచ్చిన పని. కూతురి పెళ్లిపనులప్పుడు కూడా ఆపని పని. పోయిన ఏడాది జ్వరంలో, తడిగుడ్డ నుదుటికి కట్టుకుని పూర్తిచేసిన నెమలికంటి అంచు, ఆ ఏడాది షాపుని నిలబెట్టిందని ఆయనే అన్న అంచు. టైంపాస్.

"పెట్టెళ్లండి, రేపు సాయంత్రానికి చేసిస్తా," అన్నాడు యేసుకుమార్.

"రేపు కుదరదు. ఆ జాక్ నాకివ్వండి, నేనే మార్చుకుంటాను."

"మీరా!"

"దానికి సీసంతో అతుకు పెట్టాలా?"

"అక్కర్లేదండీ. వైరుతో సహా వస్తుంది, బోర్డుకి గుచ్చడమే. కాకపోతే ముందు బ్యాటరీ వైరు పీకెయ్యాలి. అది మాత్రం మర్చిపోవద్దు." బిడ్డింటికి సామాను సర్దిచ్చినట్టు, జాక్‌తో పాటు చిన్న స్క్రూడ్రైవరు కూడా కవర్లో వేసిచ్చాడు.

ఇంటికొచ్చి బల్ల మీద పాత దుప్పటి పరిచింది. విప్పేముందు గ్రాఫు కాయితం మీద లాప్‌టాప్ వెనకభాగం బొమ్మ గీసుకుంది. తీసిన ప్రతి మరనీ బొమ్మలో దాని చోటే పెట్టింది. పొడుగువి నాలుగు, పొట్టివి ఏడు. పాత ఏటీఎం కార్డు అంచుతో అట్ట చుట్టూ నెమ్మదిగా వచ్చి మూత లేపింది. బ్యాటరీ వైరు పీకింది.

మగ్గం మీద పోగు తెగితే వాళ్ల నాన్న వెంటనే ముడి వేసేవాడు కాదు. పోగు వెంబడే వేలు పోనిచ్చి, "తెగిన చోటు అందరికీ కనబడుద్దమ్మా, లాగిన చోటు వెతకాలి," అనేవాడు. ఆమె కూడా వెతికింది. జాక్‌ని పట్టుకుని ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ మేకులు రెండూ ఒకే వైపుకి విరిగి ఉన్నాయి. ఎవరో రోజూ అటే లాగినట్టు.

ఎవరో ఏమిటి? ఆదిశేషయ్య చేతులు కళ్లముందు కదిలాయి. చిన్నతనంలో వేల కండెలు చుట్టిన చేతులు. దారమైనా వైరైనా, కనబడితే బిగించి చుట్టకుండా ఉండలేవు. లాప్‌టాప్‌ని షాపుకి తీసుకెళ్లిన ప్రతిసారీ పిన్ను తియ్యకుండానే వైరుని దాని చుట్టూ కండెలా చుట్టేస్తాడు. "పిన్ను తీసి చుట్టండి బావగారూ," అని ఎన్నిసార్లు చెప్పింది! "పుట్టిందగ్గర్నించీ దారంతో బతికినవాణ్ణి, నాకు చుట్టడం నేర్పుతావామ్మా?" అని నవ్వాడు. విరగ్గొట్టింది ఆయన. ఒరిగి కూర్చున్నది తను.

కొత్త జాక్ దాని గాడిలో కూర్చుంది. పదకొండు మరలూ బొమ్మలోంచి వాటి వాటి చోట్లకి చేరాయి. పిన్ను పెట్టగానే లైటు వెలిగింది. వైరు పట్టుకుని ఊపింది. లైటు రెప్ప వెయ్యలేదు.

మల్లీశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఓసినీ! వెలిగిందే! ఇంక బండ అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

చాలాకాలానికి నిటారుగా కూర్చుని, పోయిన వరసలు మళ్లీ వేసింది. అంచు పూర్తయ్యాక పటమటకి ఫోన్ చేసింది. అక్కడ డిజైన్ సెంటరు నడిపే తెరేసమ్మ ఆమెతో కాలేజీలో చదువుకుంది. రెండేళ్ల నుంచీ రమ్మంటోంది.

"తెరేసా, నువ్వడిగిన పని ఇంకా ఉందా?"

"నీ కుర్చీ ఎవరికిస్తానే! సోమవారం వచ్చెయ్. ఇక్కడ డిజైను కింద వేసినవాళ్ల పేరు రాస్తాం, ముందే చెప్తున్నా. తర్వాత సిగ్గుపడితే కుదరదు."

రెండింటికి అన్నదమ్ములిద్దరూ భోజనానికొచ్చారు. రోజూ వడ్డించి తర్వాత తినే త్రిపుర ఇవాళ తన కంచం కూడా తెచ్చుకుని కూర్చుంది.

"అంచు అయిందామ్మా?" అన్నాడు ఆదిశేషయ్య.

"అయింది. లాప్‌టాపూ బాగైంది. నేనే చేశాను."

"ఒరే వేణూ, మీ ఆవిడ ఇంజనీరైపోయిందిరోయ్! మదర్‌బోర్డు మార్చేశావేంటమ్మా?"

"మదర్‌బోర్డుకేం కాలేదు బావగారూ. లాడ్జి కింద కొట్టాయన మీక్కూడా ఆ మాటే చెప్పాట్ట. ఆడాళ్లు టైంపాస్‌కి వాడేదేలే అన్నారట మీరు."

ఆదిశేషయ్య కలిపిన ముద్ద నోటిదాకా వెళ్లలేదు. "అదేదో... బేరమాడేటప్పుడు మాటవరసకి అంటాం."

"మాటవరసకే ఇరవై మూడేళ్లయింది. ఈ అంచు ఆఖరిది. సోమవారం నుంచి పటమటలో తెరేసమ్మ దగ్గర పనికి వెళ్తున్నాను."

"ఇంటి పని పెట్టుకుని పైవాళ్ల దగ్గరికా? జనం ఏమనుకుంటారు?"

"టైంపాస్ అనుకుంటారు."

వేణుగోపాల్ కంచంలోకి చూస్తూ, "నాతో ఒక్క మాటైనా అనలేదు," అన్నాడు.

"అన్నానండీ. ఆ బండ పెట్టుకుని చెయ్యలేకపోతున్నానని ఏడు నెలలుగా అన్నాను. అన్నయ్యకి చెప్తానన్నారు."

మల్లీశ్వరి పచ్చడి గిన్నె తీసుకుని, భర్త కంచం దాటి వచ్చి, ముందు త్రిపురకి వడ్డించింది. "తిను. రోట్లో నూరిందే," అంది.

చెయ్యి కడుక్కుని ఆదిశేషయ్య ఎవరి ముఖమూ చూడకుండా నడవలోకి వెళ్లాడు. రాజమండ్రి పార్టీకి అంచు చూపించాలి. ప్లగ్గు పీకి లాప్‌టాప్ చేతిలోకి తీసుకున్నాడు. పిన్ను దానికే ఉంది. చేతులు వాటంతటవే వైరుని బిగించి చుట్టడం మొదలుపెట్టాయి, ఒక చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. త్రిపుర చూసింది. ఈసారి ఏమీ అనలేదు. కంచంలో మజ్జిగ పోసుకుంది.

లాప్‌టాప్‌తో అన్నదమ్ముల స్కూటరు వీధి మలుపు తిరిగింది. మల్లీశ్వరి రోలు కడిగి, బండ కడిగి, ఏడు నెలల అలవాటు కొద్దీ తెచ్చి నడవలో బల్ల మీద పెట్టి వెళ్లింది. ఖాళీ బల్ల మీద, ఆ గుండ్రటి తెల్ల మచ్చలో, దోసకాయ వాసన ఇంకా వదలని పచ్చడిబండ ఏ వైరునీ నొక్కకుండా తడిగా కూర్చుని ఉంది.