మడ్‌గార్డు అంచు మడిచేదాన్ని

నేను ఒక ఇనుప రోలర్‌ని. చూడ్డానికి ఏమంత బాగుండను. మూరెడు పొడుగు చెయ్యి, దాని ఒక చివర అరచేతిలో ఇమిడే నల్లటి నైలాన్ చక్రం, రెండో చివర నాలుగు బెజ్జాల పళ్లెం. కారు చక్రం ఊడదీసి ఆ చోట నా పళ్లెం బిగిస్తారు. చక్రం మీద గొడుగులా వంగి ఉండే మడ్‌గార్డు రేకుకు లోపలివైపు వేలెడు మడత ఉంటుంది. నన్ను అటూ ఇటూ ఊపుతూ ఆ మడతను కొద్దికొద్దిగా పైకి నొక్కి రేకుకు అంటించేస్తారు. కంపెనీ వేసిన చక్రాలు తీసేసి పెద్దవి వేసుకున్న బండ్లలో టైరు పోయి రాసుకునేది సరిగ్గా ఆ మడతకే.

నన్ను చేయించినవాడు పల్లా అప్పలకొండ. అనకాపల్లిలో డెంటింగ్ మేస్త్రి, ముప్పై ఏళ్లుగా అదే పని. సొట్ట పడిన తలుపును ఆయన సరిచేస్తే సొంతదారుకే ఆ చోటు గుర్తుండదు. ఆ పేరు విని పాడేరు అవతల గుమ్మడిపుట్టు నుంచి వంతాల బొంజుబాబు అనే డ్రైవరు తన కారు తీసుకొచ్చాడు. వాళ్ల ఊరి దారి నిండా రాళ్లు. బండి కడుపుకు తగులుతున్నాయి, కాస్త ఎత్తు కావాలన్నాడు. మేస్త్రి పెద్ద చక్రాలు వేశాడు. నాలుగు రోజులకే బొంజుబాబు మళ్లీ వచ్చాడు. జనం ఎక్కితే వెనక టైరు గరగరమంటోందట.

ఆ రోజు మేస్త్రికి తొందర. సుత్తి తీసుకుని మడ్‌గార్డు లోపలి మడతను నాలుగు దెబ్బలు కొట్టి, "అయిపోయింది, ఎల్లిరా తమ్ముడూ" అన్నాడు. సుత్తి దెబ్బకు రేకు ఒకచోట చీలి, పదునైన కొన బయటికి తేలింది. దాన్ని ఆయన చూడలేదు. చూడలేదో, చూసి ఏమవుతుందిలే అనుకున్నాడో, ఆ సంగతి ఆయనకే తెలియాలి.

పది రోజుల తర్వాత బొంజుబాబు నిండు చూలాలైన భార్య చిలకమ్మనీ, తోడుగా ముగ్గురు ఆడవాళ్లనీ ఎక్కించుకుని పాడేరు ఆసుపత్రికి బయల్దేరాడు. మలుపులో బండి బరువు ఒకపక్కకు ఒరిగింది. ఆ కొన టైరును కోసేసింది. కారు జారి జారి లోయ అంచున ఉన్న రాయికి ఆనుకుని ఆగింది. దెబ్బలెవరికీ తగల్లేదు. చిలకమ్మకు మాత్రం నొప్పులు అక్కడే మొదలయ్యాయి. తోడొచ్చిన ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టి రోడ్డు పక్కనే పురుడు పోశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బతికారు.

బొంజుబాబు గొడవకు రాలేదు. ఫోనైనా చెయ్యలేదు. ఆ దారిన తిరిగే వ్యాను డ్రైవరు ఒకడు చెబితే మేస్త్రికి తెలిసింది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేవాడేమో. తిట్టకపోయేసరికి ఆయనకు అన్నం సయించలేదు.

అలా ఒక పొద్దున ఆయన లేత్ షాపుకు వెళ్లాడు. షాపు నడిపేది కాసులమ్మ. భర్త పోయాక లేత్ మిషన్ను అమ్మకుండా తనే నేర్చుకుని నిలబడిన మనిషి. మేస్త్రి సుద్దముక్కతో నేలమీద నా బొమ్మ గీశాడు.

"సుత్తితో సరిపెట్టీవోడివి కదా అన్నయ్యా, ఇదేటి కొత్తగా?" అంది కాసులమ్మ.

"ఆ సుత్తే కొంప ముంచింది చెల్లెమ్మా" అని జరిగినదంతా చెప్పాడు. కాసులమ్మ మిషన్ ఆపేసి విన్నది. మళ్లీ మిషన్ వేసింది. నా ఇరుసును రెండుసార్లు తిప్పి, కొలిచి, నచ్చక, పక్కన పడేసి మూడోది తిప్పింది. నేను ఇంత నిక్కచ్చిగా తయారయ్యానంటే ఆ మూడోది తిప్పినందుకే.

మర్నాడు తెల్లవారగానే మేస్త్రి నన్ను గోనెసంచిలో చుట్టి బస్సెక్కాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను దొర్లిపోతాననో, తనే భయపడ్డాడో తెలియదు. పాడేరులో దిగి, జీపులో కొంత దూరం, మిగతాది నడక.

గుమ్మడిపుట్టులో కారు ఇంటి ముందు ఆగి ఉంది. స్టెప్నీ టైరు మీదే నిలబడి ఉంది, ఎక్కడికీ కదలడం లేదని దుమ్ము చూస్తేనే తెలుస్తోంది. అరుగు మీద చిలకమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. బొంజుబాబు మేస్త్రిని చూసి లేచాడు గాని పలకరించలేదు.

చిలకమ్మే అడిగింది. "ఈసారి కూడా సుత్తి తెచ్చారా గురువుగారూ?"

ఆయన సంచి విప్పి నన్ను కింద పెట్టాడు. "లేదమ్మా. ఇది తెచ్చాను. చెయ్యనిస్తే చేస్తాను, వద్దంటే ఎల్లిపోతాను."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొంజుబాబు లోపలికి వెళ్లి జాకీ తెచ్చాడు.

రేకు వేడెక్కకుండా నొక్కితే రంగు పగులుతుంది, ఆ పగుల్లోంచి తుప్పు మొదలవుతుంది. మేస్త్రి వేడిగాలి మిషన్ కూడా తెచ్చాడు గాని ఆ పూట ఊళ్లో కరెంటు లేదు. సంగతి విని చిలకమ్మ పొయ్యి మీద నీళ్లు మరగబెట్టింది. ఆ నీళ్లలో ముంచిన గోనె ముక్కలు రేకుకు కప్పి, మేస్త్రి ముందుగా ఆ పదును కొనను ఆకురాయితో అరగదీసి, తర్వాత నన్ను కదిపాడు. వెంట్రుకవాసి నొక్కడం, ఊపడం, మళ్లీ గోనె కప్పడం. రెండు వైపులా పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. రంగు ఎక్కడా చిట్లలేదు. నేను గర్వపడ్డాను. ఇంకేముంది, గండం గట్టెక్కించాననుకున్నాను.

పరీక్ష చెయ్యాలంటే జనం ఎక్కాలి. చుట్టూ మూగినవాళ్లలో ఎవరూ ముందుకు రాలేదు. మేస్త్రి వెళ్లి వెనక సీట్లో, సరిగ్గా చక్రం పక్కన కూర్చున్నాడు. కాసేపటికి చిలకమ్మ బిడ్డను అత్త చేతిలో పెట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆమె ఎక్కాక మరో ఇద్దరు ఎక్కారు. నన్ను డిక్కీలో పడేశారు. ఊరి చివర గతుకు మీద బండి దిగగానే వినిపించింది. గర్ర్.

బొంజుబాబు బండి ఆపి స్టీరింగు మీద తల వాల్చాడు.

మేస్త్రి దిగి చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమి చూశాడు. తర్వాత అన్నాడు. "తప్పు మడ్‌గార్డుది కాదు తమ్ముడూ. చక్రాన్ని బయటికి నెట్టే ఇనుప బిళ్లలు వెనక వేశాను, నీతో చెప్పలేదు. చక్రాలు బయటికి తేలి ఉంటే బండి దర్జాగా కనబడతాది. ఫొటో తీసి షాపు ముందు పెట్టుకుందామని వేశాను."

బొంజుబాబు తల ఎత్తాడు. "ఫొటో కోసమా?"

"ఆ. ఫొటో కోసమే."

నన్ను చేయించడం, బస్సెక్కడం, నాలుగు మైళ్లు నడవడం ఆయనకు తేలికే అయింది. ఈ రెండు మాటలకే ఇన్నాళ్లు పట్టింది. మనుషులకు ఇనుము మోయడం అంత కష్టం కాదని నాకు అప్పుడు తెలిసింది.

చక్రాలు ఊడదీసి వేలి మందం బిళ్లలు తీసి అవతల పెట్టాడు. చక్రాలు లోపలికి జరిగాయి. మళ్లీ అదే నలుగురు ఎక్కారు, అదే గతుకు. బండి దిగింది, లేచింది, మలుపు తిరిగింది. చప్పుడు లేదు. బొంజుబాబు వెనక్కి తిప్పి అదే గతుకు మీదికి ఇంకోసారి పోనిచ్చాడు. లేదు.

మేస్త్రి నన్ను సంచిలో చుట్టుకుని, చివరి బస్సు అందుకోవాలని లేచాడు. చిలకమ్మ లోపలికి వెళ్లి బిడ్డను పాత చీరలో చుట్టుకుని వచ్చింది. బిడ్డకు సూదిమందు వేయించే గడువు దాటిపోయిందట. బండి భయానికి ఇన్నాళ్లూ కిందికి దిగలేదట.

"పాడేరు దాకా మేమూ వస్తాం, ఎక్కండి గురువుగారూ" అంది.

"నేను జీపులో పోతానమ్మా."

"బాగు చేసినోరు ఎక్కకపోతే నేనెలాగ ఎక్కీది?"

ఆయన ఎక్కాడు. నేను ఆయన ఒళ్లోనే ఉన్నాను. ఆ మలుపు దగ్గర, ఆ రాయి పక్కన, బొంజుబాబు బండి నెమ్మది చేశాడు గాని ఆపలేదు. కుదుపుకు బిడ్డ లేచి ఏడ్చింది. చిలకమ్మ ఒక చేత్తో చీర సర్దుకుంటూ, "కొంచెం పట్టుకోండి" అని బిడ్డను మేస్త్రికి అందించబోయింది. ఆయన నన్ను గబుక్కున కాళ్ల దగ్గర నేలమీదికి వదిలేసి, రెండు చేతులూ చాచాడు.