చేప నోరు తెరిచిన వేళ

భయమంటే ఎరుగనివానికి కూడా భయపడడానికి ఒక చోటు ఎక్కడో సిద్ధంగా ఉంటుంది. పళ్ల డాక్టరమ్మగారి మేనమామకు అది స్వయానా మేనకోడలి ఆసుపత్రిలోని కుర్చీ.

ఆయన జీవితమంతా లారీ నడిపినవాడు. కొండదారిలో బ్రేకులు పోయినా చెక్కుచెదరని గుండె ఆయనది; హారన్‌తో పని లేని గొంతు ఆయనది. అందుకే చుట్టాలందరికీ ఆయన హారన్ మామయ్య. అంతటివాడు, దవడ పన్ను పుచ్చి బుగ్గ బంతిలా ఉబ్బినా, రోజూ ఆసుపత్రికి రావడం, బయటి గదిలో కూర్చోవడం, మాత్రలు మాత్రం పుచ్చుకొని ఇంటిదారి పట్టడం! మాత్రలకు చీము ఎంతోకాలం లొంగదనీ, పన్ను తీయకపోతే ఎముకకు పాకుతుందనీ డాక్టరమ్మకు దిగులు. పరాయి రోగినైతే కసురుకొనేది. తనను చిన్ననాడు భుజాన మోసి ఊరంతా తిప్పిన మనిషిని ఏమని కసురుకుంటుంది?

రోగుల బెదురు తీర్చడానికని ఆమె బయటి గదిలో ఒక అక్వేరియం పెట్టించింది. అందులో రెండు నల్లచేపలు దర్జాగా తిరుగుతుండేవి. కొత్తగా తెచ్చిన నారింజరంగు చేప మాత్రం వచ్చిననాటి నుంచీ రెక్కలు ఒంటికి అతికించుకొని, గులకరాళ్ల వెనుక నక్కి కూర్చుంది. మేత వేస్తే కన్నెత్తి చూడదు. నాలుగు రోజులు తిరగకుండానే దాని ఒంటినిండా ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు లేచాయి. బెదురు తీరడం మాట దేవుడెరుగు, దాన్ని చూసి రోగులే డీలాపడ్డారు. హారన్ మామయ్యకు మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది.

"చూశావా అమ్మడూ! నీ ఆసుపత్రి గాలి తగిలి చేపకే జబ్బు చేసింది. ఇక నేనెంత?"

"అది చేప మామయ్యా. నువ్వు మనిషివి."

"ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. సరే, ఒక మాట చెబుతున్నా విను. అది నోరు తెరిచి తిన్ననాడు నేనూ నోరు తెరుస్తా. మాటంటే మాటే!"

కౌంటరు దగ్గరి అమ్మాయి కిసుక్కున నవ్వింది. "నేను సాక్షిని బాబాయిగారూ! తర్వాత గేరు మారిస్తే కుదరదు."

మామయ్య ఆడిన మాట తప్పడు. ఆ సంగతి డాక్టరమ్మకు తెలుసు. అందుచేత ఆ పూట నుంచి ఆమె చూపంతా చేప మీదే. చేపలమ్మే దుకాణం ఆయనకు ఫోను చేసింది.

"కొత్త చోటు కదండీ, బెదిరిపోయి ఉంటుంది. బెదిరినదానికి రోగం ఇట్టే అంటుకుంటుంది," అన్నాడాయన. "మందు పంపిస్తా, తొట్టిలో కలపండి. నీళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ ఉండండి. కానీ దాన్ని ఏది బెదరగొడుతోందో అది ముందు చూసుకోండి."

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. ఈ చేపకు ఈత, తిండి, ధైర్యం అన్నీ మొదటినుంచి నేర్పవలసి వచ్చింది. మందుకు చుక్కలు తగ్గుముఖం పట్టాయి. డాక్టరమ్మ సందు దొరికినప్పుడల్లా పళ్లు చూసే టార్చి పట్టుకొచ్చి, రాళ్ల సందులో వెలుగు వేసి, "ఏమే, ఇంకా బయటికి రావా?" అని పలకరించి పోయేది. అది మరింత లోపలికి పోయేది.

రోజూ తొట్టి పక్కనే కూర్చోవడం వల్ల, మేనకోడలికి కనబడనిది మామయ్యకు కనబడింది. కౌంటరు ఇరుకు, అందుచేత రోగులను లోపలికి పిలిచే ఇత్తడి గంటను తొట్టి ఉన్న బల్ల మీదే పెట్టారు. అది "టంగ్"మన్నప్పుడల్లా, తన వంతేమోనని మామయ్య కుర్చీలో ఎగిరిపడేవాడు. అదే క్షణాన నీళ్లలో చేపా ఎగిరిపడేది. మళ్లీ టంగ్. మళ్లీ ఇద్దరూ.

ఆయన ధర్మసంకటంలో పడ్డాడు. నోరు మూసుకుంటే పన్ను దక్కుతుంది. నోరు విప్పితే చేప దక్కుతుంది. చేప వంక చూశాడు. చేప ఆయన వంక చూసింది. ఒకే పడవలో ప్రయాణం చేసేవారి చూపులు అవి.

"ఇదిగో అమ్మాయ్," అన్నాడు చివరికి, "ముందు ఆ గంట అవతల పారెయ్. టంగుమంటే నాకే గుండె జారుతోంది, అదేం బతుకుతుంది?"

లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది.

"నువ్వూ వినవే అమ్మడూ! ముఖం మీద లైటు వేసి పలకరిస్తే ఎవడు వస్తాడు బయటికి? నేనైతే రాను."

డాక్టరమ్మ టార్చి జేబులో పెట్టుకొంది. గంట సొరుగులోకి పోయింది. తొట్టి దీపం ఆర్పి, ఒక పక్క తువ్వాలు కప్పారు. దాక్కోవడానికి శుభ్రంగా కడిగిన మట్టికుండీ ఒకటి పక్కకు పడుకోబెట్టారు. గంట లేదు గనుక రోగులను పిలిచే పని మామయ్యే నెత్తినేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి, ఒక్కొక్కరి చెవి దగ్గర వంగి, "మీ వంతండీ, మెల్లగా వెళ్లండి," అనేవాడు.

"తవ్వండి బాబాయిగారూ, మీ గొయ్యి మీరే తవ్వుకోండి," అని కౌంటరు అమ్మాయి దెప్పేది.

"నీ పని నువ్వు చూసుకోవమ్మా," అని గుసగుసగానే గదిమేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం నారింజరంగు చేప కుండీలోంచి ముక్కు బయట పెట్టింది. రెక్కలు విప్పింది. నీటి మీద తేలుతున్న మేత పలుకు దగ్గరకు వచ్చి, ఆగి, గుటుక్కున మింగింది. అప్పుడు కౌంటరు అమ్మాయి ఫోనులో ఉంది. డాక్టరమ్మ లోపల ఉంది. చూసినవాడు మామయ్య ఒక్కడే. కిమ్మనకుండా ఊరుకుంటే అడిగే నాథుడు లేడు.

ఆయనకు అదేమీ తోచనే లేదు.

"తినిందర్రోయ్! అమ్మడూ, తినిందే!"

ఎన్నాళ్లుగానో అణచుకున్న హారన్ కిటికీల అద్దాలను గల్లుమనిపించింది. చేప కుండీలోకి దూరింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, ముందు చేపను కాదు, మామయ్య నోటిని చూసింది.

"మామయ్యా, అది అలాగే తెరిచి ఉంచు."

ఆయన ఠక్కున నోరు మూశాడు. సాక్షి ఫోను కింద పెట్టేసి, చేతులు కట్టుకొని నిలబడింది. తప్పించుకొనే దారి లేదు. ఉన్నా ఆయన వెళ్లేవాడు కాదు.

"ఆ లైటు ముఖం మీద వెయ్యకే," అన్నాడు కుర్చీ ఎక్కుతూ.

"వెయ్యను. నీ కళ్ల మీద తువ్వాలు కప్పుతా."

"ఉతికిందేనా?"

"చేపకు కప్పింది కాదులే."

కాసేపటికి ఆయన దవడలో దూది కరిచిపట్టుకొని బయటి గదిలో కూర్చున్నాడు. నారింజరంగు చేప మళ్లీ వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి, ఆయనకేసి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఏమంటోంది బాబాయిగారూ?" అంది కౌంటరు అమ్మాయి.

దూది పడకుండా, పెదవులు కదలకుండా, ఆయన గొంతులోంచే జవాబిచ్చాడు:

"ఈ వంతండీ, ఎల్లగా ఎల్లండి అంతోంది."